మీది అంతస్తు సంబంధం

మృగశిర కార్తె ఇంకా రానేలేదు, భాగ్యశ్రీ అప్పుడే ఇల్లంతా సజ్జ మీదికి ఎక్కించే పనిలో పడింది. పట్నంలోని ఛత్రినాకలో వాళ్లది పల్లపు గల్లీ. ఊళ్లో అందరూ వానాకాలానికి గొడుగులు కొనుక్కుంటే, ఆ గల్లీ ఆడవాళ్లు మాత్రం బియ్యం డబ్బాలూ బొంతలూ దేవుడి పటాలూ ఎత్తి గోడమీది సిమెంటు సజ్జకు చేరుస్తారు. ఏటా చేసే పనే, కానీ ఏ ఏడూ తేలిక కాదు. స్టూలెక్కి దిగి, దిగి ఎక్కి, ఆమెకు చంకలు పీకేస్తున్నాయి. మొగుడు జగదీశ్వర్ మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి, కాస్త లేవమంటే, "రేపు పెట్టుకోరాదే, వానేమన్న ఉరికొస్తుందా" అన్నాడు. కింద ఊడ్చేటప్పుడు కాళ్లు మాత్రం పైకి తీసుకున్నాడు. పొద్దుట్నించీ ఆయన చేసిన సాయం అదొక్కటే.

గడప దగ్గర కూర్చుని ఆకు నములుతున్న అత్త బుచ్చమ్మ ఆ ఎక్కించడమంతా చూసి చూసి ఒక మాట అంది.

"బియ్యం పైకెక్కినయి, పటాలు పైకెక్కినయి. ఇగ గా పిల్లను గూడ యాడనన్న పైకెక్కిస్తే మనకు ఫికర్ ఉండదురా జగ్గా."

"ఎక్కిద్దాం తియ్యే అమ్మా. ఆయితారం వస్తుండ్రు గదా సూడనీకి," అన్నాడు కొడుకు ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

భాగ్యశ్రీ చేతుల్లో టీవీ ఉంది. స్టూలు మీద నిలబడి, టీవీ గుండెకు ఆనించుకుని, కన్నకూతురికి పెళ్లిచూపులని ఆమె అప్పుడు తెలుసుకుంది. కీర్తిప్రియ మొన్ననే పదో తరగతి పాసైంది. పదహారు ఇంకా నిండలేదు.

"ఎవరొస్తుండ్రు?" అంది.

"ముందు టీవీ పెట్టు, పడగొడ్తవు," అన్నాడు జగదీశ్వర్.

పెట్టింది. దిగింది. అప్పుడు చెప్పాడు, ఏదో మార్కెట్ ధర చెప్పినట్టు. మాదన్నపేట సంబంధం. పిల్లగాడి పేరు నగేష్, సరుకుల వ్యాను నడుపుతాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. కట్నం గిట్నం అడుగుతలేరు. అన్నిటికంటే పెద్ద మాట, వాళ్లుండేది మూడో అంతస్తులో.

"ఎంత వాన గొట్టనీ, సుక్క నీళ్లు రావు," అంది బుచ్చమ్మ మురిపెంగా. "పిల్ల పొడి జాగల ఉంటది."

అదీ సంగతి. ఒకప్పుడు పిల్లనిచ్చేవాళ్లు పిల్లగాడికి ఎన్నెకరాలుందని అడిగేవాళ్లు, తర్వాత నౌకరేందని అడిగారు. ఇప్పుడీ గల్లీలో ఎన్నో అంతస్తని అడుగుతున్నారు. తాగుబోతో తిరుగుబోతో తర్వాత సంగతి, ముందు మీది అంతస్తు కావాలి. నీళ్లు రాకుండా చేయడం ఎవరికీ చేతకాదు, కానీ ఆడపిల్లను ఇంట్లోంచి తీసేయడం మాత్రం అందరికీ చేతనవుతుంది. భాగ్యశ్రీకి ఒళ్లు భగ్గున మండింది. నోరు మాత్రం లేవలేదు. పదిహేడేళ్లుగా అణిచి పెట్టుకున్న నోరు, ఒక్క పూటలో లేస్తుందా?

వానలు మునుపూ పడేవి. కాపురానికొచ్చిన కొత్తలో నీళ్లు గల్లీలో పారేవి, గడప దాటేవి కావు. పైన కుంట ఉండేది, అది తాగినంత తాగి మిగిలింది వదిలేది. ఆ కుంటను పూడ్చి ప్లాట్లు చేసి అమ్ముకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కానీ, పల్లంలో అయితే లేరు. పైగా వాన కూడా మునుపటి వాన కాదు. నెలంతా పడాల్సింది ఒక్క మధ్యాహ్నంలో కుమ్మరించి పోతుంది. వాతావరణం మారిపోయిందని టీవీలో టై కట్టుకున్నాయన చెప్తూనే ఉంటాడు. ఆకాశం మారిందని ఆయన చెప్పేదాకా ఎందుకు, భాగ్యశ్రీ నడుముకే తెలుసు. మోకాలి లోతు మోరీ నీళ్లలో వంగి, బకెట్లతో ఎత్తి గడప బయట పోసేది ఆమే. నీళ్లు తీశాక బురద గోకేది, పినాయిల్ పోసి కడిగేది, ఇంటిల్లిపాది పక్కబట్టలూ ఉతికేది ఆమే. మగవాళ్లు గల్లీ చివర మెట్ల మీద చేరి బీడీలు కాలుస్తూ సర్కారును తిడతారు. ఒక్కసారి బకెట్ అందుకోమంటే జగదీశ్వర్, "ఇంటి పని గదనే, నీకు అలవాటున్నది" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడో!

నీళ్లు మరీ నడుముదాకా వస్తే గల్లీ జనమంతా రోడ్డవతల ఫంక్షన్ హాల్ పై అంతస్తుకు పోయి పడుకుంటారు. ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ ఒకే గచ్చు మీద. కరెంటుండదు, ఆడవాళ్లకు వేరే చోటుండదు. ముందటేడు అట్లా పడుకున్నప్పుడే పక్కింటి శ్రీహిత తెల్లవారుజామున కెవ్వున కేక పెట్టింది. గల్లీలో వెల్డింగ్ దుకాణం కొండల్ చెయ్యి ఆ పిల్ల మీద ఉంది. కొండల్‌ను ఎవరేం చేశారు? ఏమీ చేయలేదు. "చీకట్ల చెయ్యి తగిలి ఉంటది" అన్నారు పెద్దమనుషులు. ఆ తర్వాతి ఎండాకాలానికల్లా తొమ్మిదో తరగతి చదివే శ్రీహితకు లగ్గం చేసి పంపేశారు. తప్పు చేసినవాడు గల్లీలో దర్జాగా ఉన్నాడు, కేక వేసిన పిల్ల గల్లీ దాటింది. అప్పట్నించి బుచ్చమ్మకు మనవరాలు కంట్లో నలుసైంది. ఎదుగుతున్న పిల్లను హాల్‌లో ఎట్ల పండబెడతం, ఇజ్జత్ పోతే ఎవడు తెచ్చిస్తడు అని ఒకటే సణుగుడు.

ఆ సాయంత్రం కీర్తిప్రియ తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ మెల్లగా అడిగింది.

"అమ్మా, సజ్జ మీద నాకు జాగ లేదా?"

నవ్వుతూనే అడిగింది. పోయినేడు నీళ్లొచ్చినప్పుడు సజ్జ నిండిపోయి ఆ పిల్ల పుస్తకాలకు చోటు చాలలేదు. తడిసిన పుస్తకాలను పెనం మీద ఆరబెట్టుకుని, అట్టలు ఊడిపోయినవాటితోనే చదివి పాసైంది. ఇంటర్‌లో చేరాలని, లెక్కలు తీసుకోవాలని దాని కోరిక. భాగ్యశ్రీ "ఈనెలు సక్కగ తియ్యి" అని కసిరింది. కసిరాక తన మీద తనకే అసహ్యం వేసింది. తన తల్లి కూడా ఒకప్పుడు సరిగ్గా ఇట్లాగే ఏదో పని చెప్పి తనను కసిరింది.

భాగ్యశ్రీ పుట్టింటివాళ్లది పాలమూరు దిక్కు. మూడేళ్లు వరసగా వానలు లేక బోరు ఎండింది, ఇంకో బోరు వేస్తే అందులో దుమ్ము లేచింది. నాయిన పనికోసం బొంబాయి పోయే గుంపులో చేరాడు, అమ్మనూ రమ్మన్నాడు. మరి పదిహేనేళ్ల భాగ్యశ్రీ? టెంట్లలో బతికేచోటికి ఎదిగిన పిల్లను తీసుకుపోతారా, ఇంట్లో ఒంటరిగా వదిలేస్తారా? దానికి వాళ్లకు దొరికిన దారి జగదీశ్వర్. పట్నం పిల్లగాడు, నల్లా నీళ్లున్న ఇల్లు! అప్పుడదే గొప్ప. బస్సెక్కించేటప్పుడు నాయిన కళ్లు తుడుచుకుంటూ, "వానలు పడితే సదివిస్తుంటి బిడ్డా" అన్నాడు. ఆ మాటను ఆమె ఇన్నేళ్లు ప్రేమగా దాచుకుంది. పాపం నాయిన, ఆకాశం మోసం చేస్తే ఆయనేం చేస్తాడని ఎవరడిగినా వెనకేసుకొచ్చింది. కానీ అదే ఇంట్లో తన తమ్ముణ్ని హాస్టల్లో వేశారు. ఆకాశం వాణ్ని మాత్రం ఎందుకు వదిలేసింది? ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదని చిక్కుడుకాయల ముందు కూర్చున్నప్పుడే ఆమెకు తట్టింది.

ఆదివారం రానే వచ్చింది. నగేష్, వాళ్లమ్మ ఆగమ్మ వచ్చారు. పొద్దున నాలుగింటికి లేచి భాగ్యశ్రీ ఇల్లు కడిగింది, ఉప్మా చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది. వంటింటి గుమ్మం దాటి ముందుకు రావద్దని మొగుడు ముందే చెప్పాడు, "నీ ముఖం సూస్తే సచ్చినింటికి వచ్చినట్టున్నది" అని. బుచ్చమ్మ మనవరాలికి తల్లి పట్టుచీర చుట్టింది. కుచ్చిళ్లు ఎంత ఎత్తి దోపినా నేలకు జీరాడుతూనే ఉన్నాయి. కీర్తిప్రియ చాయ్ పళ్లెం పట్టుకుని, చీర కాలికి తగులుకుంటుందేమోనని కిందికి చూసుకుంటూ నడిచింది. దాన్ని చూసి ఆగమ్మ, "తల ఎత్తదు, మస్తు బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంది.

వంటింట్లోంచి భాగ్యశ్రీకి ప్రతి మాటా వినబడుతోంది.

"పిల్ల మాకు నచ్చింది," అంది ఆగమ్మ. "జల్ది కానియ్యాలె. జ్యేష్ఠంల ఇంక రెండు మంచి దినాలే ఉన్నయంట. ఆషాఢం పడితే లగ్గాలుండయి గదా."

"మాకూ గదే గావాలె," అన్నాడు జగదీశ్వర్. "పద్దెనిమిది నిండలేదని ఎవడన్న లొల్లి జేస్తడేమోనని..."

"గుళ్లె జేసుకుంటే ఎవడు సూస్తడన్నా," అంది ఆగమ్మ. "మావోళ్లల్ల అందరియి గట్లనే అయినయి."

"వానలు మొదలుగాకముందే పిల్ల మీ ఇంట్ల ఉంటే మా గుండెల మీద కుంపటి దిగుతది," అంది బుచ్చమ్మ.

"గట్లనే అత్తమ్మా." ఆగమ్మ చాయ్ చప్పరించింది. "పదహారు రోజుల పండుగ గాంగనె మీరొచ్చి పిల్లను తోల్కపోండ్రి. కొత్త కోడలు ఆషాఢమంత తల్లిగారింట్లనే ఉండాలె గదా, అత్తా కోడలు ఒకే గడప దాటొద్దు. బోనాలు అయినంక శ్రావణంల పంపుండ్రి."

"అవ్ మల్ల, ఆచారం ఆచారమే," అంది బుచ్చమ్మ తలూపుతూ.

జగదీశ్వర్ కూడా తలూపాడు. పుట్టిన దగ్గర్నించీ ఎరిగిన ఆచారం, ఎవరు కాదంటారు? బజ్జీ తీస్తున్న భాగ్యశ్రీ చేతిలో గంటె ఆగిపోయింది. పోయిన ఆషాఢంలో శ్రీహిత కూడా ఇట్లాగే తల్లిగారింటికి వచ్చింది, కాళ్ల పారాణి ఆరకుండానే. వచ్చిన వారానికే గల్లీ మునిగింది. అదే ఫంక్షన్ హాల్, అదే గచ్చు. నెల తప్పిన పిల్ల గోడకు ఆనుకుని వాంతులు చేసుకుంటుంటే మెట్ల మీద అదే కొండల్ కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. ఆ పిల్ల నెత్తిని భాగ్యశ్రీ తన చేతులతో పట్టుకుంది. అప్పుడు కూడా తట్టలేదు ఆమెకు. ఈ గల్లీలో ఎవరికీ తట్టలేదు. వానలకు ముందే పిల్లను పంపించాలని ఉరుకులాడి లగ్గం చేస్తారు, వానలు పడే నెలకు ఆచారమని చెప్పి వాళ్లే ఆటో కట్టించుకుని పోయి మళ్లీ ఈ నీళ్లలోకే తెచ్చుకుంటారు!

ఆమెకు ముందు నవ్వొచ్చింది. పొయ్యి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని, దాటొద్దన్న గుమ్మం దాటింది.

"వదినా, ఒక్క మాట. ఆషాఢంల నా బిడ్డె యాడుండాలన్నవు?"

"మీ ఇంట్లనే వదినా. ఇంకేడుంటది?"

"మా ఇంట్ల నీళ్లొచ్చేది ఎప్పుడో ఎరికేనా? ఆషాఢంలనే."

ఆగమ్మ అర్థంకాక బుచ్చమ్మ వైపు చూసింది. బుచ్చమ్మ నోట్లో ఆకు నమలడం ఆగింది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు జగదీశ్వర్.

"లోపల్నే ఉన్న. గిన్నేండ్లు లోపల్నే ఉన్న. ఈ మాట చెప్పినంకనే పోత." "నీళ్లల్ల ఉండొద్దని, ఫంక్షన్ హాల్ల పండొద్దని దాన్ని ఎల్లగొడ్తుంటిరి. మల్ల మీరే తోలుకొచ్చి గాడనే పండబెడ్తరు. మెడల పుస్తెలుంటయి, కడుపుల ఇంకోటి ఉంటది, గంతే ఫరక్. పక్కింటి శ్రీహితను సూడలేదా అత్తమ్మా నువ్వు?"

బుచ్చమ్మ అంత తొందరగా ఓడే మనిషి కాదు. "అయితే శ్రావణంల చేద్దాం తియ్యి. ఆషాఢం గండం తప్పుతది."

"శ్రావణం దాక ఈడ ఉండగలిగిన పిల్ల ఇంటర్ అయ్యేదాక ఉండలేదా? గప్పటికి సగం వానలు అయిపోతయి, ఇగ లగ్గం దేనికి? నీళ్లకు భయపడెటోళ్లయితే మోరీ సాఫ్ చేయించేటోళ్లు. కొండల్‌కు భయపడెటోళ్లయితే వాని కాళ్లిరగ్గొట్టేటోళ్లు. మీరు గివేవీ చెయ్యరు. ఆడిపిల్ల దొరికింది గదా అగ్గువకు!"

"నోరు ముయ్యి!" జగదీశ్వర్ లేచాడు.

"ముయ్య. మా ఊర్ల వాన పడకుంటె నన్ను పంపిండ్రు. ఈడ వాన ఎక్కువైందని దీన్ని పంపుతరంట. వాన పడ్డా మేమే, పడకున్నా మేమేనా? నా బిడ్డెకు పదహారు నిండలేదు. గుళ్లె చేస్తరో బండ మీద చేస్తరో చెయ్యుండ్రి, ఠాణాకు పోయి పోలీసోళ్లను నేనే తోలుకొస్త."

కీర్తిప్రియ గోడ పక్కన చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని తల్లిని చూస్తోంది. ఇప్పుడు తల ఎత్తే ఉంది. అప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడని నగేష్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "నడువే అమ్మా, పోలీసుల లొల్లి మనకెందుకు" అన్నాడు. గడప దాటుతూ ఆగమ్మ గల్లీ అంతా వినేట్టు, "తల్లే గిట్లున్నది, బిడ్డె ఎట్లుంటదో" అంది. భాగ్యశ్రీకి ఆ మాట తిట్టులా తోచలేదు.

వాళ్లు అటు పోగానే ఇటు తుఫాను. జగదీశ్వర్ ఆమెను కొట్టలేదు, ఎత్తిన చెయ్యి కూతురు చూస్తోందని దించేసుకున్నాడు. కానీ కొట్టినట్టే అన్నాడు. "ఈ ఇల్లు నాది. మా బాపు కట్టిన ఇల్లు. నా ఇంట్ల నా మాట చెల్లకుంటె నువ్వూ నీ బిడ్డె బయటికి నడువుండ్రి. నీదేమున్నదే ఈ ఇంట్ల?"

భాగ్యశ్రీ చల్లారిన బజ్జీలు గిన్నెలో సర్దింది, నూనె వడగట్టింది, పట్టుచీర మడత పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం ఒక్క మాట దగ్గరే కూర్చుంది. నీదేమున్నదే ఈ ఇంట్ల?

మర్నాడే కీర్తిప్రియను వెంటబెట్టుకుని పోయి సర్కారు కాలేజీలో చేర్పించింది. పుస్తకాలు వచ్చిన రోజు స్టూలెక్కి టీవీని కిందికి దించి, ఆ జాగాలో వాటిని పెట్టింది. "నీళ్లొస్తే టీవీ ఏం గావాలె?" అని బుచ్చమ్మ గయ్యిమంది. "చూసెటోళ్లు ఎత్తుకుంటరు అత్తమ్మా," అంది భాగ్యశ్రీ. జగదీశ్వర్ పెళ్లాంతో మాటలు మానేశాడు. అన్నం మాత్రం మానలేదు. వండింది వండినట్టు తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని, నా ఇల్లు నా ఇల్లని గోడకు చెప్పినట్టు ఆమెకు వినబడేట్టు చెప్తూ వచ్చాడు. ఒక్క పూట కాదు, పూటపూటా.

ఆషాఢం వచ్చింది. బోనాలకని గల్లీ మొగదల వేపమండలు కడుతున్న ఓ ఆదివారం మధ్యాహ్నం ఆకాశం ఉన్నపళంగా నల్లబడింది. మొదట పెద్ద చినుకులు, ఆ తర్వాత ఎదుటి ఇల్లు కనబడనంత వాన. వేపమండలు కట్టేవాళ్లు అరుచుకుంటూ పరుగెత్తారు. చూస్తూ ఉండగానే మోరీ పొంగింది, గల్లీ నిండింది, నల్లటి నీళ్లు గడప మీదికెక్కి లోపలికి జారాయి. ఇటుకల మీద నిలబడ్డ మంచమెక్కి బుచ్చమ్మ కాళ్లు ముడుచుకుంది. ఆమె పక్కనే కీర్తిప్రియ ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. జగదీశ్వర్ లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని అటూ ఇటూ గంతులేస్తున్నాడు. టీవీని ఒక చంకలో ఇరికించుకున్నాడు, ఎక్కడ పెట్టాలో దిక్కుతోచడం లేదు.

"ఏమే! సూస్తున్నవేంది? నీళ్లు లోపలికొస్తున్నయి, బకెట్ తియ్యి!"

ఇన్ని రోజులకు పెళ్లాంతో మాట్లాడిన మొదటి మాట అది. భాగ్యశ్రీ స్టూలు మీద కూర్చుని ఉంది. కాళ్ల కింద నీళ్లు పారుతున్నాయి, బకెట్ పక్కనే ఉంది. ప్రతి ఏడూ ఈపాటికి ఆమె నడుము వంగి ఉండేది. ఇప్పుడూ చేతులు అలవాటుకొద్దీ బకెట్ వైపు పోయాయి. దాన్ని అందుకుని లేచింది. నీళ్లలో నడిచి ఆయన దగ్గరికి పోయింది. చంకలోని టీవీ తీసి మంచం మీద కూతురి పక్కన పెట్టి, ఖాళీ అయిన ఆ చేతికి బకెట్ తగిలించింది. తను కూడా మంచమెక్కి, కూతురి పక్కన కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

"ఇల్లు నీదంటివి గదా," అంది. "ఎత్తిపొయ్యి."